షుగర్ ఉందని రాస్తే పాలసీ రాదా?

ఈసారి ఆరోగ్య బీమా మీద వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. జబ్బు ముందే ఉంది, ప్రీమియం చూస్తే గుండె గుభేల్‌మంటోంది, ఏం చేయమంటారు అని. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాం. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, ఎలక్ట్రికల్ షాపు నడుపుతున్నాను. ఆరేళ్లుగా షుగర్, రెండేళ్లుగా బీపీ. రెండూ మాత్రలతో కంట్రోల్‌లోనే ఉన్నాయి. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు కలిపి 10 లక్షల పాలసీ తీసుకుందామంటే, షుగర్ రాస్తే ప్రీమియం పెరుగుతుంది, పైగా మూడేళ్ల దాకా దానికి పైసా రాదు అంటున్నాడు ఏజెంట్. ‘అసలు రాయకండి సార్, ఐదేళ్లు గడిస్తే కంపెనీ ఏమీ అనలేదు, రూల్ మారింది’ అని సలహా కూడా ఇచ్చాడు. నిజమేనా? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రూల్ మారిన మాట నిజమే. మీ ఏజెంట్ అందులో తనకు పనికొచ్చే సగం చెప్పాడు.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 ఏప్రిల్ 1 నుంచి తెచ్చిన నిబంధనల ప్రకారం, పాలసీ 60 నెలలు ఆగకుండా నడిచాక ‘ఫలానా జబ్బు చెప్పలేదు’ అనే కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. అంతకుముందు ఈ గడువు 8 ఏళ్లు ఉండేది. కానీ దానికో తోక ఉంది: మోసం అని రుజువైతే ఈ రక్షణ ఉండదు. ఆరేళ్లుగా మాత్రలు మింగుతూ ‘షుగర్ లేదు’ అని టిక్ పెట్టి సంతకం చేయడం మరచిపోవడమా, మోసమా? ఈ వాదన జరిగే రోజున మీరు ఐసీయూ లోపల ఉంటారు, ఫైలు పట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరిగేది మీ ఆవిడ. ఆ ఐదేళ్లలోపే ఏదైనా అయితే ఇంకా కష్టం, కంపెనీ అసలు పాలసీనే రద్దు చేసే ప్రమాదం ఉంది, అప్పుడు కట్టిన డబ్బులూ పోయి, పిల్లల కవరేజీ కూడా పోతుంది. షుగర్ అనేది దాచితే దాగే జబ్బు కూడా కాదు. ఆసుపత్రిలో చేరిన పూటే రక్తపరీక్ష చేస్తారు, మీరు వేసుకునే మందులు రాసుకుంటారు.

చెప్పినవాళ్లకు చట్టం ఎలా కాస్తుందో కూడా చూడండి. 2021 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు ఇచ్చింది. విదేశానికి వెళ్తూ బీమా తీసుకున్న ఒకాయన తనకు షుగర్ ఉందని ముందే రాశాడు, కంపెనీ అది తెలిసే పాలసీ ఇచ్చింది. అక్కడ గుండెపోటు వస్తే, కొలెస్ట్రాల్ మందు వాడుతున్నట్టు చెప్పలేదని క్లెయిమ్ కొట్టేశారు. జబ్బు సంగతి తెలిసి, ఆరోగ్యం అంచనా వేసుకునే పాలసీ ఇచ్చాక, అదే జబ్బును చూపించి తప్పించుకోవడం కుదరదని కోర్టు ఆయన పక్షాన నిలిచింది. షుగర్ అని ముందే రాసి ఉండడం ఆయన్ను కాపాడింది.

ఇప్పుడు డబ్బు సంగతి. మీరు అడిగిన ‘నలుగురికీ కలిపి 10 లక్షలు’ దగ్గరే ఖర్చు పెరుగుతోంది. ఫ్లోటర్ పాలసీలో (ఇంటిల్లిపాదీ ఒకే మొత్తాన్ని పంచుకునేది) ప్రీమియం ఇంట్లో పెద్ద వయసువాళ్లను బట్టి లెక్కకడతారు, మీకు షుగర్ ఉంది కాబట్టి దాని మీద లోడింగ్ అని ఇంకొంత వేస్తారు. మీ ఆవిడ, పిల్లలకు ఒక ఫ్లోటర్, మీకు విడిగా ఒక పాలసీ అని రెండు కొటేషన్లు అడగండి. చాలా ఇళ్లలో ఇలా విడదీస్తే మొత్తం కలిపి తక్కువవుతుంది. తగ్గకపోయినా ఒక లాభం ఉంది, మీ పాలసీలో ఏ గొడవ వచ్చినా పిల్లల పాలసీ దాని మానాన అది నడుస్తుంది. రెండోది, 10 లక్షలూ బేస్ పాలసీలోనే, అంటే అసలు పాలసీలోనే, తీసుకోవాలని లేదు. 5 లక్షల బేస్, దానిపైన 5 లక్షల డిడక్టిబుల్‌తో సూపర్ టాప్-అప్ పెట్టుకోవచ్చు. ఏడాదిలో అయిన ఆసుపత్రి ఖర్చులన్నీ కలిపి 5 లక్షలు దాటితే, ఆ పైది టాప్-అప్ చూసుకుంటుంది. ఉత్తి ‘టాప్-అప్’ మాత్రం వద్దు, దాంట్లో ఒక్కో చేరికకు విడిగా లెక్క చూస్తారు, మీలాంటివాళ్లకు రెండుమూడు సార్లు చేరాల్సి వస్తే ప్రతిసారీ డిడక్టిబుల్ దగ్గరే ఆగిపోతుంది. సూపర్ టాప్-అప్‌లో కూడా షుగర్ సంగతి రాయాలి, దానికీ వెయిటింగ్ (పాత జబ్బుకు డబ్బులివ్వని కాలం) ఉంటుంది. అందుకే రెండూ ఒకే రోజు మొదలుపెట్టండి.

మూడేళ్లు ఏమీ రాదన్నది కూడా సగం మాటే. పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా 36 నెలలు, ఇదివరకు 48 ఉండేది. అదీ ఆ జబ్బుకు, దాని వల్ల వచ్చే చిక్కులకు మాత్రమే. ఈలోగా బండి మీద నుంచి పడితే మొదటిరోజు నుంచీ ఇస్తారు, డెంగ్యూ వస్తే మొదటి 30 రోజులు దాటాక ఇస్తారు. (హెర్నియా, కంటి శుక్లం, మోకాలి మార్పిడి లాంటి కొన్నిటికి విడిగా వెయిటింగ్ ఉంటుంది, అది షుగర్ లేనివాళ్లకూ తప్పదు.) అదనంగా కడితే షుగర్, బీపీలకు ఈ వెయిటింగ్ తగ్గించే రైడర్లు (పాలసీకి తగిలించే అదనపు కవర్లు), మొదట్నుంచే ఇచ్చే పాలసీలు కొన్ని కంపెనీల దగ్గర ఉన్నాయి. మీకు కంట్రోల్‌లో ఉంది అంటున్నారు కాబట్టి, ఆ రైడర్ రేటు ప్రీమియంలో పెద్ద ముక్కే అయితే నేనైతే తీసుకోను, ఆ డబ్బుతో బేస్ మొత్తం పెంచుకుంటాను. గుండె, కిడ్నీ దాకా వెళ్లిన షుగర్ అయితే లెక్క వేరు.

ఒక హెచ్చరిక: చవగ్గా కనిపించే పాలసీలో ముందు చూడాల్సింది రూమ్ రెంట్ లైన్. 3 లక్షల పాలసీలో గది అద్దె పరిమితి 1 శాతం అని ఉందనుకోండి, అంటే రోజుకు 3,000. మీరు 6,000 గదిలో చేరితే పోయేది అద్దెలో తేడా ఒక్కటే కాదు, డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీలు కూడా సగానికి కోసేస్తారు. మందులు, ఇంప్లాంట్లు, టెస్టుల బిల్లును అలా కోయకూడదు, అది గుర్తుపెట్టుకుని బిల్లు చూడండి. తర్వాతది కో-పే. 20 శాతం కో-పే అంటే ప్రతి బిల్లులో ఐదో వంతు మీదే. జబ్బు ఉన్నవాళ్లకు ఇది తరచూ తగులుతుంది, అందుకే కాస్త ఎక్కువ కట్టైనా కో-పే లేనిది మేలు.

పాలసీ కాగితాలు వచ్చాక వాటితోపాటు ప్రపోజల్ ఫారం కాపీ ఉంటుంది. దాన్ని తెరిచి చూడండి. ఏజెంట్ ఫోన్‌లో చకచకా నొక్కేసి, ఓటీపీ చెప్పించుకుని, జబ్బుల కాలమ్ అంతా ‘లేదు’ అని పెట్టి ఉండొచ్చు. 30 రోజుల ఫ్రీ లుక్, అంటే చూసుకుని వద్దనుకునే గడువు, ఉంది. ఈలోపు సరిచేయమని మెయిల్ పెట్టండి, ఒప్పుకోకపోతే పాలసీ వెనక్కిచ్చేయండి.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు, నాలుగేళ్ల క్రితం స్టెంట్ వేశారు. రెండు కంపెనీలు పాలసీ ఇవ్వలేమన్నాయి, ఇస్తామన్న కంపెనీ చెప్పిన ప్రీమియం నా రెండు నెలల జీతం. వయసు పరిమితి ఎత్తేశారని చదివాను, మరి ఎలా కాదంటారు? (వరంగల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఎత్తేసిన మాట నిజమేనమ్మా, 2024 నుంచి కంపెనీలు అన్ని వయసులవారికీ, పాత జబ్బులున్నవారికీ పాలసీలు అందుబాటులో ఉంచాలి. అంతమాత్రాన అడిగిన ప్రతి ఒక్కరికీ ఇచ్చి తీరాలని కాదు. ఎవరికివ్వాలో, ఎంతకివ్వాలో వాళ్ల బోర్డు ఆమోదించిన పద్ధతి ప్రకారం వాళ్లే చూసుకుంటారు. కాదంటే మాత్రం కారణంతో రాతపూర్వకంగా చెప్పాలి. ఫోన్‌లో ‘రాదండీ’ అంటే ఊరుకోకండి, కాగితం అడగండి.

కానీ మీ విషయంలో నేను ప్రైవేటు పాలసీ దగ్గర మొదలుపెట్టను. ముందు నాన్నగారికి ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి. ఆధార్ ప్రకారం 70 నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఇచ్చే పథకం, 2024 అక్టోబర్ 29న మొదలైంది. పాత జబ్బులకు మొదటిరోజు నుంచే వర్తిస్తుంది, వెయిటింగ్ లేదు, ప్రీమియం లేదు. రేపెప్పుడైనా ప్రైవేటు పాలసీ తీసుకున్నా ఈ కార్డు పోదు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్‌గా సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం) ఉంటే మాత్రం రెండిట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి. ఇంటికి ఆహారభద్రత కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ కూడా చూడండి. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు.

కార్డు చేతికొచ్చింది కదా అని దాన్ని బీరువాలో పెట్టేయకండి. ఓ రోజు తీరిగ్గా, మీ ఇంటికి దగ్గర్లో గుండె వైద్యం చేసే ఏ ఆసుపత్రి ఈ పథకం జాబితాలో ఉందో, అందులో గుండె విభాగానికి అనుమతి ఉందో లేదో కనుక్కోండి. ఆసుపత్రి పేరు జాబితాలో ఉండి, మీకు కావాల్సిన విభాగం లేకపోవడం మామూలే. అక్కడి ఆరోగ్యమిత్రను అడిగితే ఐదు నిమిషాల్లో చెబుతారు. అర్ధరాత్రి ఛాతీ పట్టుకుని కూర్చున్న మనిషిని కారులో పెట్టుకుని ఈ వివరం కనుక్కోవడం వేరే సంగతి.

ఆ తర్వాత చేతిలో మిగిలేదాన్ని బట్టి ప్రైవేటు పాలసీ ఆలోచించండి. తీసుకుంటే, 60 దాటినవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐతో సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశాలొచ్చాయి, కాబట్టి ఒక్కసారిగా రెట్టింపు చేస్తారన్న భయం తగ్గింది. అసలు తీసుకోలేకపోతే ఆ డబ్బును నాన్నగారి పేరిట విడిగా వేసుకోవడం తప్పేం కాదు. సీనియర్ సిటిజన్ తల్లిదండ్రులకు బీమా లేకపోతే, వాళ్ల వైద్యానికి పెట్టిన ఖర్చులో 50,000 దాకా ఆదాయపు పన్ను చట్టంలోని 80డి కింద పన్ను మినహాయింపు వస్తుంది. పాత పన్ను విధానంలో ఉండాలి, చెల్లింపు నగదుగా చేయకూడదు.

ప్రశ్న: మా ఆఫీస్ గ్రూప్ పాలసీలో అమ్మను కూడా చేర్చాను. ఆమెకు కిడ్నీ సమస్య, డయాలసిస్ దాకా రావచ్చంటున్నారు. కంపెనీలో లేఆఫ్‌లు నడుస్తున్నాయి. ఉద్యోగం పోతే అమ్మ సంగతేంటని టెన్షన్‌గా ఉంది. (హైదరాబాద్ నుంచి)

జవాబు: గ్రూప్ పాలసీల్లో చాలావాటికి పాత జబ్బుల వెయిటింగ్ ఉండదు, అది పెద్ద వరం. కానీ మీ చివరి పనిదినంతో ఆ వరం ఆగిపోతుంది. ఈ వారమే హెచ్‌ఆర్‌ను రెండు ప్రశ్నలు అడగండి: బీమా కంపెనీ ఏది, ఉద్యోగం మానేవాళ్లు అదే కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారడానికి దరఖాస్తు ఎప్పటిలోగా ఇవ్వాలి. దీన్ని మైగ్రేషన్ అంటారు. గ్రూప్‌లో గడిపిన కాలానికి వెయిటింగ్‌లో క్రెడిట్ ఇస్తారు, అయితే కొత్తగా పరీక్షలు చేయించి నిర్ణయం తీసుకునే హక్కు వాళ్లకు ఉంటుంది. రిలీవింగ్ లెటర్ వచ్చాక అడిగితే కథ కంచికే.

అమ్మగారికి మైగ్రేషన్ కాదంటే? ఆమెకు 70 నిండితే పైన చెప్పిన కార్డు. లేదంటే ఆరోగ్యశ్రీకి అర్హత ఉందేమో చూడండి, డయాలసిస్ అందులో ఉంది. జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచిత డయాలసిస్ కోసం 2016లో మొదలైన జాతీయ కార్యక్రమం కూడా ఉంది. ఈలోగా ఆఫీస్ పాలసీ ఉంది కదా అని మీ సొంత పాలసీ వాయిదా వేయకండి. మీకు ఏ జబ్బూ లేకుంటే ఇప్పుడే తీసుకోవాలి, చిన్న మొత్తానికైనా సరే, వెయిటింగ్ గడియారం తిరగడం మొదలవుతుంది.

జీతం 21,000 లోపు ఉన్నవాళ్లు చాలామంది ఇలాంటి ప్రశ్నే పంపారు. మీకు ఈఎస్‌ఐ కట్ అవుతుంటే (మీ వాటా 0.75 శాతం, యజమానిది 3.25) పాత జబ్బు అన్న మాటే అందులో లేదు. మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. పే స్లిప్‌లో కటింగ్ కనిపిస్తున్నా కార్డులో ఇంట్లోవాళ్ల పేర్లు ఎక్కించనివాళ్లు బోలెడుమంది.

ప్రశ్న: పాలసీ తీసుకుని మూడున్నరేళ్లయింది. తీసుకున్నప్పుడు మావారికి ఏ జబ్బూ లేదు. ఏడాదిన్నర క్రితం బీపీ బయటపడింది. మొన్న పక్షవాతం వచ్చి చేరిస్తే, ‘బీపీ ఐదేళ్లుగా ఉంది, దాచారు’ అని క్లెయిమ్ కొట్టేశారు. ఐదేళ్లు అని వాళ్లకు ఎవరు చెప్పారో మాకే తెలియదు. (రాజమండ్రి నుంచి)

జవాబు: ఎవరు చెప్పారో కేస్ షీట్‌లో ఉంటుంది. క్యాజువాలిటీలోకి స్ట్రెచర్ వచ్చిన కంగారులో డ్యూటీ డాక్టర్ ‘బీపీ ఎన్నాళ్ల నుంచి?’ అని అడుగుతారు, పక్కనున్న బావమరిదో, పక్కింటాయనో ‘చాన్నాళ్ల నుంచే ఉందండీ, నాలుగైదేళ్లు’ అంటారు, ఆయన ‘5 ఏళ్లుగా బీపీ’ అని ఒక ముక్క రాసుకుంటారు. అదే డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కుతుంది. కంపెనీ చేతికి దొరికేది ఆ ఒక్క లైనే. చాలా క్లెయిముల తలరాత ఇలాగే మారిపోతోంది.

ముందు ఆసుపత్రి నుంచి మొత్తం కేస్ షీట్ కాపీ తీసుకోండి, సమ్మరీ ఒక్కటీ చాలదు. తర్వాత మీవారి బీపీ మొదటిసారి ఎప్పుడు కనిపెట్టారో చూపే చీటీ, ఆనాటి మందుల బిల్లు, దానికి ముందు ఎక్కడైనా చేయించిన హెల్త్ చెకప్ రిపోర్టులో బీపీ మామూలుగా ఉన్నట్టుంటే అదీ వెతకండి. ఆఫీసులో ఏటా చేయించే చెకప్‌లు ఇక్కడ బంగారం. మొదట బీపీ కనిపెట్టిన డాక్టర్ దగ్గర ‘ఫలానా తేదీన తొలిసారి గుర్తించాను’ అని లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఆసుపత్రి డాక్టర్‌ను కూడా, ఆ ‘5 ఏళ్లు’ అన్నది బంధువులు నోటిమాటగా చెప్పింది అని స్పష్టం చేస్తూ ఒక లేఖ ఇమ్మని అడగండి. కొందరు ఇస్తారు, కొందరు తప్పించుకుంటారు. నిబంధనల లెక్కలో పాత జబ్బు అంటే పాలసీ మొదలయ్యే ముందు 36 నెలల్లో డాక్టర్ గుర్తించినది, లేదా దానికి సలహానో చికిత్సో పొందినది. పాలసీ తర్వాత మొదటిసారి బయటపడిన బీపీ అందులోకి రాదు.

ఇవన్నీ పెట్టి కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి మెయిల్ రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా వివాదాలు తీర్చే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లండి. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, ఫిర్యాదు ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి, కన్స్యూమర్ కోర్టులో కేసు వేసి ఉండకూడదు, అందుకే ముందు ఇటు రండి. ఒకటి మాత్రం మనసులో పెట్టుకోండి: మీరు నిజంగా బీపీ తర్వాతే వచ్చిందని చూపగలిగితేనే ఇదంతా పనిచేస్తుంది. తేదీలు దిద్దిన చీటీ ఒక్కటి బయటపడినా కేసు అక్కడితో సరి.

ప్రశ్న: థైరాయిడ్, ఆస్తమా ఉన్నాయి. పాలసీ తీసుకుని రెండేళ్లయింది, ప్రీమియం పెంచేశారు. వేరే కంపెనీకి మారితే మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారా? (అనంతపురం నుంచి)

జవాబు: పెట్టరు. పోర్ట్ చేసుకుంటే, అంటే పాత పాలసీ లెక్కతో సహా కంపెనీ మారితే, గడిచిన రెండేళ్లూ మీ ఖాతాలోనే ఉంటాయి, మిగిలిన ఏడాదే చూసుకోవాలి. బీమా మొత్తం పెంచితే, పెరిగిన భాగానికి మాత్రం కొత్తగా వెయిటింగ్. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టండి. కొత్త కంపెనీకి కాదనే హక్కు ఉంది కాబట్టి వాళ్లు ఒప్పుకునేదాకా పాతది వదలకండి. గ్రేస్ పీరియడ్ (గడువు దాటాక కట్టడానికి ఇచ్చే అదనపు రోజులు), నెలవారీ కట్టేవాళ్లకు 15 రోజులు, మిగతావాళ్లకు 30, అదీ దాటిందంటే ఆ రెండేళ్లూ గాలికి పోయినట్టే. మారేముందు ఒకసారి లెక్క కూడా సరిచూసుకోండి, వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. పాత కొటేషన్‌లో 18 శాతం కలిపి ఉంటే పోలిక తప్పుతుంది.

ప్రశ్న: మా చెల్లికి బైపోలార్. మానసిక జబ్బులకు బీమా వర్తించదని ఏజెంట్ చెప్పాడు. (పేరు, ఊరు వద్దన్నారు)

జవాబు: తప్పు చెప్పాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శారీరక జబ్బులకు ఏ ప్రాతిపదికన ఇస్తారో మానసిక జబ్బులకూ అదే ప్రాతిపదికన బీమా ఉండాలి. ఆసుపత్రిలో చేరితే వచ్చే ఖర్చుకు ఇది వర్తిస్తుంది. ముందే ఉంది కాబట్టి ఫారంలో రాయాలి, వెయిటింగ్ తప్పదు. ఏజెంట్‌ను మార్చండి.

ప్రశ్న: ఇంతా కట్టి, నెలనెలా కొనే మాత్రలకు పాలసీలో డబ్బులు రావా? (నెల్లూరు నుంచి)

జవాబు: మామూలు పాలసీలో రావు. ఆసుపత్రిలో చేరడానికి ముందు, తర్వాత పాలసీలో రాసిన కొన్ని రోజుల మందులకు మాత్రం, అదీ చేరిన జబ్బుకు సంబంధించినవైతే, ఇస్తారు. ఆ బిల్లులు పారేయకండి. ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం) రైడర్ తీసుకుంటే రోజువారీ మందులకు కొంత వస్తుంది గానీ, దానికి కట్టేదీ దాన్నుంచి వచ్చేదీ పక్కపక్కన రాసుకుని చూస్తే చాలామందికి పెద్దగా తేడా ఉండదు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలకు జన్ ఔషధి కేంద్రాల్లో అడగండి, బ్రాండెడ్ రేటులో సగానికీ అంతకంటే తక్కువకీ దొరుకుతాయి. చీటీ మీద మందు అసలు పేరు, మోతాదు రాయమని డాక్టర్‌ను అడిగి తీసుకెళ్లండి. ఇన్సులిన్, థైరాయిడ్, ఫిట్స్ మందులు మాత్రం మీ అంతట మీరు మార్చేయకండి, డాక్టర్‌కు చెప్పాకే.